ఐర్లండులోని క్లేర్‌లో ఒక పెద్ద ఫిడిల్ (వయొలిన్) కళాకారుణ్ణి కలవబోతున్నాను. ఎలా మెలగాలో తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: లిమరిక్ వయొలిన్

అందరికీ నమస్కారం. నేను లిమరిక్‌లో ఉంటున్నాను. చిన్నతనంలో కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా ఐర్లండుకు వచ్చిన తరువాత ఇక్కడి సంప్రదాయ సంగీతం మీద మనసు పడి, అదే వాద్యాన్ని ఇక్కడివారి పద్ధతిలో, ఒక స్థానిక ఉపాధ్యాయురాలి దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నాను. తంత్రుల శ్రుతి వేరు, కమాను నడక వేరు, కూర్చునే తీరు వేరు. వేళ్ళకు అలవాటైన గమకాన్ని వదిలించుకోవడానికే చాలా కాలం పట్టింది.

నన్ను ఈ సంగీతంలోకి లాగినవారు పశ్చిమ క్లేర్‌కు చెందిన ఒక పెద్దాయన. వయసు ఎనభై దాటింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. జీవితమంతా వ్యవసాయం చేసుకుంటూ, సాయంత్రాలు ఊళ్ళో వాయించుకుంటూ గడిపిన మనిషి, ఇలాంటి చోట తన పేరు చర్చకు రావడం ఆయనకు రుచించకపోవచ్చు. ఆయన వాయింపులో నన్ను పట్టేసినది వేగం కాదు. ఈనాటి యువకులు రీళ్ళనే చురుకైన నృత్య ట్యూన్లను పరుగెత్తించే వేగంతో పోలిస్తే ఆయన నడక చాలా నెమ్మది. కాని ట్యూన్ మొదటి భాగం నుంచి రెండో భాగంలోకి మళ్ళేచోట కమానును ఆపీ ఆపనట్టుగా ఒక లిప్త నిలిపి, పక్కన ఉన్న ఖాళీ తంత్రిని సన్నగా మోగిస్తూ ఆయన లోపలికి అడుగుపెట్టే తీరును నేను ఎన్నిసార్లు విన్నా, తరువాత ఏమి రాబోతున్నదో తెలిసి కూడా, ఎదురుచూడకుండా ఉండలేను.

మా ఉపాధ్యాయురాలికి ఆయన కుటుంబంతో పరిచయం ఉంది. జూలైలో మిల్టౌన్ మాల్బే ఊళ్ళో, అక్కడి పైపుల కళాకారుడు విల్లీ క్లాన్సీ పేరిట వేసవి సంగీత పాఠశాల జరిగే వారంలో, ఆ పెద్దాయన వాయించే ఒక సెషన్‌కు, అంటే పబ్బులో కళాకారులు బల్ల చుట్టూ చేరి కలిసి వాయించే కూటమికి, తీసుకువెళ్ళి పరిచయం చేస్తానని ఆమె అన్నారు. అప్పటినుంచి సంతోషంతో పాటు బెరుకు కూడా పట్టుకుంది. విద్వాంసులను ఎలా సమీపించాలో మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఇక్కడ ఆ పద్ధతులేవీ కనిపించవు. ఆయనను ఏమని పిలవాలి? పాదాలకు నమస్కరించాలని నాకు నిజంగానే ఉంది, కాని పబ్బులో నలుగురి మధ్య ఆ పని చేస్తే ఆయన ఇబ్బంది పడతారేమో. నా ఫిడిల్ వెంట తీసుకువెళ్ళడం అతిచొరవ అవుతుందా? ఒక ట్యూన్ నేర్పమని అడగవచ్చా? రికార్డు చేసుకోవచ్చా? ఏమైనా కానుక ఇవ్వాలా? అన్నిటికంటే ముఖ్యంగా, అంతటి మనిషి ఎదుట కూర్చున్నప్పుడు ఏమి మాట్లాడాలి? అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞుణ్ణి.

జవాబు: ఎన్నిస్ ఫ్లూట్

నమస్కారమండీ. నేను చాలాకాలంగా ఎన్నిస్‌లో ఉంటూ, చెక్క ఫ్లూటు వాయిస్తూ, వీలైనప్పుడల్లా పశ్చిమ క్లేర్ సెషన్లకు వెళ్తూ ఉంటాను. మీ ప్రశ్నలలో తేలికైనవి ముందు తేల్చేస్తాను.

ఆయనను పేరు పెట్టి పిలవండి. మన నోటికి అది ఎంత కష్టంగా ఉన్నా ఇక్కడ మర్యాద అదే. ‘మిస్టర్’ అని ఇంటిపేరుతో పిలిస్తే పన్ను వసూలుకు వచ్చిన అధికారిలాగా వినిపిస్తారు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారో ముందే చెప్పండి, ఎందుకంటే ఆయన అడగబోయే మొదటి ప్రశ్నలలో అది ఒకటి. పాదాభివందనం వద్దు. చేయి కలిపి, కళ్ళలోకి చూసి, మీ వాయింపు విని నేను ఈ సంగీతం మొదలుపెట్టానని ఒక్క మాట అంటే చాలు. ఆ మాటకు కూడా ఆయన తల పక్కకు తిప్పుకొని వాతావరణం సంగతి ఎత్తుకుంటారు. దాన్ని నిరాదరణ అనుకోకండి. ముఖం మీద పొగిడితే ఏమి చేయాలో ఇక్కడి పాతతరం వారికి తెలియదు.

ఫిడిల్ తప్పకుండా తీసుకువెళ్ళండి, కాని పెట్టె తెరవకండి. పెట్టెను కుర్చీ కిందికి తోసి, వాయించేవారి వలయానికి కొంచెం వెలుపల కూర్చోండి. సెషన్ కచేరీ కాదు, అలాగని ఎవరైనా వచ్చి చేరిపోయే ఆట కూడా కాదు. వాయించేవారు శ్రోతలవైపు కాకుండా ఒకరివైపు ఒకరు తిరిగి బల్ల చుట్టూ కూర్చుంటారు. ఖాళీగా కనిపించే కుర్చీ ఇంకా రాని మనిషిది కావచ్చు. ఒకరు ట్యూన్ ఎత్తుకుంటారు, తెలిసినవారు అందుకుంటారు, ఒక్కొక్క ట్యూన్‌ను రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి మారతారు. మారబోయే ముందు నడిపించేవారు కనుబొమ్మ ఎత్తవచ్చు, ‘హప్’ అని ఒక చిన్న శబ్దం చేయవచ్చు, ఏమీ చేయకపోవచ్చు కూడా. ఇదంతా కాసేపు చూడండి. పెట్టె ఉన్నదని వారు గమనించకుండా ఉండరు. కొంతసేపటికి ఎవరో ఒకరు, బహుశా ఆ పెద్దాయనే, మీ దగ్గర ఏదైనా ట్యూన్ ఉందా అని అడుగుతారు. ఆ పిలుపు వచ్చినప్పుడు ‘అబ్బే, నాకేమీ రాదు’ అని వెనక్కి తగ్గడం ఇక్కడ వినయం అనిపించుకోదు. బాగా వచ్చిన రెండు సాదా ట్యూన్లు, అందరూ చేరగలిగినవి, సిద్ధంగా ఉంచుకోండి. ఆయన రికార్డుల నుంచి నేర్చుకున్న ఆయన సొంత ముద్ర ఉన్న ట్యూన్‌ను మాత్రం ఆయన ఎదుట ఎత్తుకోవద్దు. అది ఆయనను బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇక ఏమి మాట్లాడాలన్న ప్రశ్న. నా అనుభవంలో ఈ పెద్దవారు తమ గురించి అడిగితే ముడుచుకుపోతారు, ట్యూన్ గురించి అడిగితే విచ్చుకుంటారు. ‘మీరు ఇంత గొప్పగా ఎలా వాయిస్తారు’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఇప్పుడు వాయించిన ఆ జిగ్ మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది’ అని అడిగి చూడండి. ఒక మనిషి పేరు వస్తుంది, ఆ మనిషి ఇల్లు ఏ మలుపులో ఉండేదో వస్తుంది, ఆ ఇంట్లో ఇంకెవరు వాయించేవారో వస్తుంది.

ఇది ఊరికే కబుర్లు చెప్పించే ఉపాయం కాదు, ఈ సంగీతం నిలబడిన పద్ధతే అది. విల్లీ క్లాన్సీ ఉదాహరణ చూడండి. ఆ ప్రాంతంలో గారెట్ బారీ అనే అంధ పైపర్ (ఇలిన్ పైపులనే ఐరిష్ తిత్తి వాద్యం వాయించేవారు) ఉండేవారు. ఆయన 1899లో పోయారు. విల్లీ పుట్టినది 1918లో. అయినా బారీ ట్యూన్లు విల్లీ ఇలిన్ పైపుల మీద పలికాయంటే కారణం, విల్లీ తండ్రి గిల్బర్ట్ ఆ అంధ పైపర్‌ను ఎరిగి, విని, గుర్తుపెట్టుకొని కొడుకుకు అందించడమే. అలాగే స్కల్లీ కేసీ అనే ఫిడిల్ కళాకారుడి సంగీతం కొడుకు బాబీ కేసీకి అందింది, చుట్టుపక్కల జూనియర్ క్రెహన్ వంటివారికీ అందింది. అదే మూలం నుంచి వచ్చినా ఇద్దరి వాయింపూ ఒకటి కాదు. 1903లో షికాగో పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఓనీల్ 1,850 ట్యూన్లతో పెద్ద సంకలనం అచ్చువేశారు. అటువంటి పుస్తకాలలో స్వరాలు దొరుకుతాయి. మీరు చెప్పిన ఆ లిప్తమాత్రపు నిలుపుదల మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. అది ఆయనకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలుసుకునే అవకాశం మీకు ఉంది, అదే అడగండి.

జవాబు: పాత టేపులు

పైన చెప్పిన వాటితో ఏకీభవిస్తూ, రికార్డింగు విషయం మాత్రం నేను రాస్తాను. అడగకుండా ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేయడం చాలామందికి అలవాటైపోయింది. వాయించేవారు సాధారణంగా ఏమీ అనరు, కాని గమనిస్తారు, ఆ రాత్రి మంచి ట్యూన్లు బయటికి తీయరు. అడిగి చేస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఎందుకోసమో స్పష్టంగా చెప్పండి: నేర్చుకోవడానికా, దాచుకోవడానికా, నలుగురికీ వినిపించడానికా. మూడింటికీ ఒకే అనుమతి చాలదు.

వెళ్ళేముందు వీలైతే డబ్లిన్‌లో 73 మెరియన్ స్క్వేర్‌లో ఉన్న ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారానికి ఒకసారి వెళ్ళండి. 1987లో మొదలైన సంస్థ. మీ పెద్దాయన వాయింపు గానీ, ఆయన ప్రాంతపు పాతవారి వాయింపు గానీ అక్కడ ఉండే అవకాశం ఉంది. ఏమి వినాలో చెబితే అక్కడివారు ఓపికగా వెతికి పెడతారు. పదిమంది అడిగిన ప్రశ్ననే పదకొండోసారి అడగకుండా ఉండడం కూడా పెద్దల పట్ల గౌరవమే. పైగా ఆయన చిన్నతనంలో విన్న మనుషులను మీరు కొంతైనా విని ఉంటే, వారి పేర్లు ఆయన నోట వచ్చినప్పుడు మీ ముఖంలో తెలుస్తుంది, మాట ఇంకొంచెం ముందుకు సాగుతుంది.

రికార్డు చేయడం అత్యాశ అని మాత్రం అనుకోకండి. జానీ డోరన్ సంచార పైపర్. గుర్రపు బండిలో ఊరూరా తిరుగుతూ సంతలలో, పందేల దగ్గర వాయించేవారు. విల్లీ క్లాన్సీని పైపులవైపు తిప్పినది ఆయన వాయింపే. 1947లో జానపద విజ్ఞాన సంఘం వారు డబ్లిన్‌లో ఆయన వాయింపును డిస్కుల మీదికి ఎక్కించారు. 1948 మొదట్లో గాలివానకు ఒక గోడ కూలి ఆయన బండి మీద పడింది. ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు, 1950లో మరణించారు. ఈనాడు పైపులు నేర్చుకునే ప్రతివారూ వినే డోరన్ వాయింపు ఆ డిస్కుల మీదిదే. ఆ పని ఒక్క ఏడాది వాయిదా పడి ఉంటే మనకు ఆయన పేరు ఒక్కటే మిగిలేది.

అయితే సేకరణకు వెళ్ళేవారికి ఒక యోగ్యత కావాలి. షేమస్ ఎన్నిస్ 1942 నుంచి 1947 వరకు అదే సంఘం తరఫున సైకిలు మీద పశ్చిమ తీరమంతా తిరిగి ట్యూన్లు, పాటలు సేకరించారు. చేతిలో ఎక్కువగా ఉన్నది కాగితమూ కలమూ. విన్నది విన్నట్టు స్వరాలు రాసుకోగల చెవి ఆయనది. స్వయంగా గొప్ప పైపర్ కావడంతో, ఇచ్చినవారికి తిరిగి వాయించి వినిపించగలిగేవారు కూడా. తీసుకుపోవడానికి మాత్రమే వచ్చిన మనిషికీ, ఇచ్చి పుచ్చుకోవడానికి వచ్చిన మనిషికీ తేడా ఆ ఇళ్ళవారికి తెలుసు.

జవాబు: కాన్సర్టీనా

నాకు ఒక విషయంలో భిన్నాభిప్రాయం ఉంది. పరిచయానికి విల్లీ వారం ఎంచుకోవడమే సరైనది కాదని నా అభిప్రాయం. 1973 జనవరిలో విల్లీ క్లాన్సీ పోయిన ఏడాదే మొదలైన ఆ పాఠశాల ఎంతో గొప్పది, నేను కాన్సర్టీనా (రెండు చేతుల మధ్య తిత్తిని సాగదీసి మూస్తూ వాయించే చిన్న వాద్యం) నేర్చుకున్నది అక్కడే; ఉదయం తరగతులు, మధ్యాహ్నం ప్రసంగాలు, వాద్య కచేరీలు, రాత్రి సెషన్లు. కాని ఆ వారం ఆ చిన్న ఊరు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవారితో కిక్కిరిసి ఉంటుంది. పబ్బులో తలుపు దగ్గర నుంచి బల్ల దాకా చేరడమే కష్టం. పెద్దవారిని ఒకరి తరువాత ఒకరు వచ్చి పలకరిస్తూనే ఉంటారు. అందులో మీరూ ఒకరు అవుతారు, ఆయనకు మీ ముఖం కూడా గుర్తుండదు. ఆ వారం వెళ్ళండి, ఆయనను వినండి, పరిచయం రెండు మాటలతో ముగించండి. అసలు కలవడం పర్యాటకులు వెళ్ళిపోయిన తరువాత, పగళ్ళు కురచ అయ్యాక పెట్టుకోండి. అప్పుడు సెషన్‌లో నలుగురైదుగురు ఉంటారు, మాటకూ పాటకూ తీరిక ఉంటుంది.

ఏమి అడగాలన్న దానికి ఇంకొక దారి చెబుతాను. ఆయన వయసువారికి రెండు లోకాలు తెలుసు. 1935లో వచ్చిన ప్రజా నృత్యశాలల చట్టం బహిరంగ నృత్యాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. దాన్ని అడ్డం పెట్టుకొని మతాధికారులు, పోలీసులు కలిసి ఇళ్ళలో జరిగే నృత్యాలను కూడా చాలాచోట్ల అణిచివేశారు. వంటింట్లో ఒక ఫిడిల్‌తోనో కాన్సర్టీనాతోనో జరిగిపోయిన ఆట పెద్ద హాలులోకి మారేసరికి ఒంటరి వాద్యం వినిపించక, పియానో, డ్రమ్ములతో సహా కేలీ బ్యాండ్లనే నృత్య సంగీత బృందాలు పెరిగాయి. జూనియర్ క్రెహన్ ఆ నష్టం గురించి జీవితాంతం మాట్లాడుతూనే ఉన్నారు. మీ పెద్దాయన ఆ చట్టం తరువాత పుట్టినవారే అయినా, ఇంటి నృత్యాల చివరి రోజుల కథలు తల్లిదండ్రుల నోట విని ఉంటారు. 1950ల నాటి కిల్ఫెనోరా, టల్లా బ్యాండ్ల పోటీ మాత్రం ఆయన కళ్ళతో చూసినదే అయి ఉండాలి. 1954 నుంచి 1956 వరకు అఖిల ఐర్లండ్ పోటీలో కిల్ఫెనోరా వరుసగా గెలిచింది, 1957లో టల్లా గెలిచింది. క్లేర్‌లో ఎనభై దాటిన మనిషిని ఆ రెండింటిలో ఏది గొప్ప బ్యాండ్ అని అడిగితే ఆ సాయంత్రానికి మీరు వేరే ప్రశ్న వేసుకోవలసిన అవసరం ఉండదు.

ఆయన కొంతకాలం లండన్‌లో పనిచేశారేమో కూడా తెలుసుకోండి. ఆ తరంవారు ఎందరో భవన నిర్మాణ పనులకు అక్కడికి వెళ్ళారు. బాబీ కేసీ కూడా 1950లలో వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. హాలొవే రోడ్డు దగ్గర ఉన్న ఫేవరెట్ అనే పబ్బులో ఆదివారం ఉదయం సెషన్లు ఆ రోజుల్లో ప్రసిద్ధి. అయితే పేదరికం గురించి, వలస కష్టాల గురించి మీరై కదిలించకండి. వారు చెబితే వినండి. ఆ కథల కోసం మైకులు పట్టుకొని వచ్చినవారిని వారు ఇప్పటికే చాలామందిని చూశారు.

కానుక విషయం. డబ్బు వద్దే వద్దు. తరగతి పెట్టి నేర్పే ఉపాధ్యాయులకు రుసుము ఇవ్వడం మామూలే. ఒక పెద్దాయన ఇష్టపడి చెప్పిన ట్యూన్‌కు యూరోలు తీసి ఇస్తే మాత్రం అది తగని పని. పబ్బులో అయితే ఏమి తాగుతారని అడిగి తెప్పించండి, బీరే అని ముందే నిర్ణయించుకోకండి. ఆ తరంలో మద్యం ముట్టనని చిన్ననాడే ప్రమాణం చేసి, ఆ మాట మీదే నిలబడినవారు ఎందరో ఉన్నారు. ఇంటికి పిలిస్తే టీ బల్ల మీదికి ఒక కేకు చాలు.

పాదాభివందనం గురించి పైవారు వద్దన్నారు. చేయవద్దన్నది నిజమే, కాని మనసులో ఉన్నది దాచుకోనవసరం లేదు. ‘మా వైపు అయితే ఈపాటికి మీ పాదాలకు నమస్కరించి ఉండేవాణ్ణి’ అని నవ్వుతూ చెప్పవచ్చు. మాటగా చెబితే ఆయనకు ఇబ్బంది ఉండదు, మీకు వెలితి ఉండదు.

లిమరిక్ వయొలిన్

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చకు మళ్ళీ రావడం ఆలస్యమైంది. కాన్సర్టీనా గారు చెప్పినట్టే జూలైలో గోడకు ఆనుకొని నిలబడి విన్నాను, చేయి కలిపి, మా ఉపాధ్యాయురాలి పేరు చెప్పి ఊరుకున్నాను. శరదృతువులో ఆమెకు వారి ఇంటి నుంచి కబురు వచ్చింది, ఆ కుర్రవాణ్ణి కూడా తీసుకురమ్మని. నేను కుర్రవాణ్ణి కాను. ఆ మాటకు మాత్రం చాలా సంతోషించాను.

వంటింట్లో కూర్చున్నాము. ఆయన ఫిడిల్‌ను గడ్డం కింద కాకుండా ఛాతీకి ఆనించి పట్టుకుంటారని నాకు రికార్డుల వల్ల తెలిసే అవకాశం లేదు. కమాను పట్టు చివర నుంచి జానెడు పైకి ఉంటుంది, ఎడమకాలి మడమ మాత్రమే నేల మీద తాళం వేస్తుంది. నేను ముందుగా కర్ణాటక పద్ధతిలో ఎలా కూర్చుంటామో చూపించవలసి వచ్చింది, ఆయన పట్టుబట్టారు. నేల మీద కూర్చొని వాద్యం తలను పాదం మీద ఆనించేసరికి ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి నా ఎడమచేతినే చూస్తూ, చేతికి వాద్యాన్ని మోసే పని లేదు కనుక ఎంత దూరమైనా జారవచ్చునన్నమాట అని తనలో తాను అనుకున్నారు. గమకం గురించి అంత సూటిగా చెప్పినవారిని నేను వేరే చూడలేదు.

తరువాత ఆ నిలుపుదల గురించి అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, ఒక జిగ్ వాయించారు. పొరుగున ఉండే ఒక ముసలామె కాన్సర్టీనా మీద వాయించేదని, ఆమె కాన్సర్టీనాలో ఒక మీట సరిగా పలికేది కాదని, అందుచేత ఆమె ఆ స్వరాన్ని వదిలేసి తిత్తిని అటునుంచి ఇటు తిప్పుకొనేదని, చిన్నతనంలో తాను అది ట్యూన్‌లో భాగమే అనుకొని అలాగే నేర్చుకున్నానని చెప్పారు. పెద్దయ్యాక అసలు సంగతి తెలిసింది, కాని అప్పటికి ఆ ఖాళీ లేకుండా వాయిస్తే ట్యూన్ ఆయనకు రుచించలేదు. మిగతా ట్యూన్లలోకి అది తనంత తానే పాకిందట.

ఆ జిగ్ నాకు నేర్పారు. నేను తప్పు వాయించినచోట తప్పని అనలేదు. ఆ వాక్యం మాత్రం మళ్ళీ వాయించేవారు, అదే వేగంతో, నాకు అందేదాకా. దిద్దినది ఒక్కటే, రెండో భాగం మొదట్లో కమాను పైకి వెళ్ళాలి, కిందికి కాదు. రికార్డు చేయవచ్చా అని అడగడానికి నేను ఇంకా తటపటాయిస్తుండగానే, లిమరిక్ చేరేలోపు సగం పోగొట్టుకుంటావు, ఆ ఫోను తియ్యి అన్నారు.

ఇప్పుడు నాకు మిగిలిన సందేహం ఒకటే. ఆ జిగ్‌కు ఆయన దగ్గర పేరు లేదు. లిమరిక్ సెషన్‌లో దాన్ని వాయించవచ్చా? ఆ రికార్డింగును నాతో నేర్చుకుంటున్న మిగతావారికి పంపవచ్చా?

జవాబు: ఎన్నిస్ ఫ్లూట్

మొదటిదానికి తప్పకుండా వాయించండి, నేర్పినది అందుకే. సెషన్‌లో ఎవరైనా ఇది ఏమిటని అడుగుతారు, అప్పుడు ఫలానా ఆయన దగ్గర నుంచి వచ్చిందని చెప్పండి. పేరు లేదని మీరు కొత్త పేరు పెట్టకండి. ఈ సంగీతంలో పేరు లేకపోవడం లోపం కాదు. తూర్పు గాల్వేకు చెందిన పాడీ ఫేహీ ఎన్నో అందమైన రీళ్ళు, జిగ్‌లు కూర్చారు, ఒక్కదానికీ పేరు పెట్టలేదు. 2019లో ఆయన నూరేళ్ళు దాటి కన్నుమూశారు, ఆ ట్యూన్లన్నీ నేటికీ ‘పాడీ ఫేహీది’ అనే ఒక్క పేరుతోనే చలామణి అవుతున్నాయి. ఏ ఫేహీ ట్యూన్ అని అడిగితే ఒక చరణం వాయించి చూపించడమే మార్గం.

రెండోదానికి వద్దు. ఆ రికార్డింగు మీరు నేర్చుకోవడానికి ఆయన ఇచ్చినది. మిగతావారికి మీరే నేర్పండి, ఆయన మీకు నేర్పినట్టే. ఎవరికైనా పంపాలనిపిస్తే ముందు ఆయనను అడగండి. అలా అడగడానికి వెళ్ళినప్పుడు ఆ పొరుగింటి కాన్సర్టీనా ఆమె పేరు ఏమిటో కూడా కనుక్కొని రాసి పెట్టుకోండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ జిగ్ అసలు ఆమెది, మీరేమో ఆమె పేరు అడిగినట్టు లేరు.